ఫ్రిజ్‌లో మోగిన తాత

కూతురు తన చేతికి స్మార్ట్‌వాచ్ కట్టిన రోజున తాత మొట్టమొదట చేసిన పని దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినడం. చప్పుడు లేదు. తర్వాత వెనక్కి తిప్పి, నీళ్లు పోసే మూత ఎక్కడుందా అని వెతికాడు. అదీ లేదు.

"నీళ్లడగని బ్యాటరీని నమ్మకూడదమ్మా," అన్నాడు మొహం చిట్లించి.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. నలభై రెండేళ్లుగా వీధి చివర, టైర్ల కొట్టుకీ మంగలి షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక గదిలో కార్ల బ్యాటరీలు బాగుచేస్తున్నాడు. అందరూ బ్యాటరీ మేస్త్రి అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, అది ఎవరూ చదవరు. ఆయన చొక్కాలన్నిటికీ సరిగ్గా పొట్ట దగ్గర యాసిడ్ చిల్లులు ఉంటాయి. కొత్త చొక్కా కొనడానికి బయల్దేరితే అమ్మమ్మ గుమ్మంలోంచే అరుస్తుంది, "చిల్లులు పెట్టి అమ్మేది ఉందేమో అడగండి, మీకు శ్రమ తగ్గుతుంది!"

ఆ కొట్లో గోడవారగా పొడుగాటి బల్ల, దాని మీద వరసగా ఛార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీలు, ఒక్కోదానికీ ఎర్ర తీగా నల్ల తీగా. కాసేపు నిలబడితే యాసిడ్ వాసనకి గొంతు గరగరమంటుంది. తాతకి మాత్రం ఆ వాసన తగలకపోతేనే ఒంట్లో బాగుండదు. ఆయన నియమాలు కొన్ని ఉన్నాయి. బ్యాటరీని నేల మీద పెట్టకూడదు, చెక్క మీద పెట్టాలి. ఎప్పుడూ నిండుగా ఉంచాలి, కడుపు మాడ్చకూడదు. కొట్టు దాటి పోయేముందు లోడ్ టెస్ట్ చెయ్యాలి. అంటే దాని నెత్తిన ఒక్కసారి బరువు వేసి, తట్టుకుంటుందో చతికిలబడుతుందో చూడాలి.

వీటన్నిటికంటే పెద్ద నియమాన్ని ఆయనే ఎర్ర రంగుతో గోడ మీద రాశాడు, అక్షరాలు కాస్త పక్కకి ఒరిగాయి గానీ: "బ్యాటరీని తిట్టే ముందు కరెంటు తాగే దొంగను పట్టుకోండి." బ్యాటరీ పోయిందని మొత్తుకుంటూ వచ్చే కార్లలో సగానికి బ్యాటరీ రాయిలా ఉంటుంది. ఎక్కడో డిక్కీలో చిన్న దీపం ఆరకుండా వెలుగుతూ ఉంటుంది, తెల్లారేసరికి బ్యాటరీని పీల్చి పిప్పి చేస్తుంది. తాత బ్యాటరీకీ తీగకీ మధ్య టెస్ట్ ల్యాంప్ తగిలించి, కారులో ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతాడు. ఏ ఫ్యూజు పీకినప్పుడు ల్యాంప్ ఆరిపోతే దొంగ అక్కడున్నట్టు. ఈ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. లేడని ఆయనే చెబుతాడు.

అలాంటి మనిషి చేతికి వాచీ ఎందుకొచ్చిందంటే, పోయినేడు ఒలికిన నీళ్ల మీద కాలు జారి, బల్లకీ గోడకీ మధ్య పడ్డాడు. లేవలేక అరగంట అక్కడే ఉన్నాడు. మంగలి అద్దం తుడుస్తూ ఏదో మూలుగు విని వచ్చి లేపాడు. కళ్లజోడు తప్ప ఏమీ విరగలేదు. కూతురు మాత్రం కొట్టు మూసెయ్యమని పట్టుబట్టింది. రెండు రోజులు మూసి ఇంట్లో కూర్చోబెట్టారు. మూడో రోజుకి తాత గోడ గడియారం, టీవీ రిమోట్, కాలింగ్ బెల్ విప్పి బల్ల మీద పరిచాడు. అమ్మమ్మ కూతురికి ఫోన్ చేసింది.

"ఆయన్ని కొట్టుకి పంపించెయ్యవే తల్లీ. ఇంకో రోజుంటే నాక్కూడా డిస్టిల్డ్ వాటర్ పోస్తారు."

అప్పుడు కుదిరిన ఒప్పందం ఇది. తాత కొట్టు తెరవొచ్చు, కానీ చేతికి వాచీ ఉండాలి. ఆయన పడితే అది కూతురికి చెబుతుంది. ఎక్కడున్నాడో, నాడి ఎలా కొట్టుకుంటోందో ఆమె ఫోన్‌లో కనబడుతుంది. వాచీ బతికుంటేనే కొట్టు. లేదంటే తాళం హెల్మెట్లవాడికి. రోడ్డు పక్కన తాడు కట్టి హెల్మెట్లు వేలాడదీసే ఆయనకి ఆ గది మీద ఎప్పట్నుంచో కన్ను. వారానికోసారి వచ్చి, "ఒంట్లో ఎలా ఉంది మేస్త్రిగారూ?" అని అడుగుతాడు, గోడలు కొలుస్తున్నట్టు చూస్తూ.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. తొమ్మిదో నెల నుంచి వాచీ మధ్యాహ్నం మూడు కొట్టేసరికి కళ్లు తేలేయడం మొదలుపెట్టింది.

మొదటివారం కూతురు ఫోన్ చేసినప్పుడల్లా తాత ఏదో ఒకటి చెప్పి దాటేశాడు. రెండోవారం కూతురు పట్టేసింది.

"నాన్నా, మూడు దాటితే నువ్వు మాయమైపోతున్నావు. ఏంటి సంగతి?"

"ఎక్కడికీ పోలేదే! వాచీకి నిద్రొస్తోంది."

"దానికి నిద్రొస్తే కొట్టుకీ నిద్రే. ఆదివారం దాకా చూస్తాను. సాయంత్రం ఆరింటిదాకా అది బతకట్లేదంటే తాళం ఇచ్చెయ్యాలి, అంతే."

మర్నాడు పొద్దున్నే తాత పక్కవీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. అందరూ ఆమెని డాక్టరమ్మ అంటారు. కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో చీమ కాలంత సామాన్లు పట్టుకుంటుంది. తాత వాచీ విప్పి రోగిని అప్పగించినట్టు అప్పగించాడు.

ఆమె సెట్టింగ్స్‌లోకి వెళ్లి, బ్యాటరీ అన్న చోట నొక్కి, దాని ఆరోగ్యం ఎంతో చూపించింది. తొంభై మూడు శాతం.

"బాగానే ఉంది మేస్త్రిగారూ. కొత్తలో వంద పట్టేది, ఇప్పుడు తొంభై మూడు పడుతోంది. ఈ వయసుకి ఇది గుండ్రాయిలా ఉన్నట్టే."

"మరి మూడింటికల్లా ఎందుకు చస్తోంది?"

"మీరెలా ఛార్జ్ చేస్తున్నారు?"

తాత గర్వంగా చెప్పాడు. సాయంత్రం ఇంటికి రాగానే చెక్క మీద పెట్టి ఛార్జింగ్‌కి తగిలిస్తాడు. పొద్దున కొట్టుకి బయల్దేరేదాకా తియ్యడు. కిటికీ పక్కనే, ఎండ తగిలేచోట.

డాక్టరమ్మ భూతద్దం పైకెత్తింది. "అయ్యో! ఇది కారు బ్యాటరీ కాదండీ. దీన్ని ఎప్పుడూ వంద మీద నిలబెడితే అలిసిపోతుంది. ఎనభైకి తీసెయ్యండి. ఇరవై కిందకి దిగనివ్వకండి. ఎండ అస్సలు పనికిరాదు, చల్లగా ఉండాలి."

తాత తలూపాడు. ఊపాడే గానీ లోపల నమ్మలేదు. నిండా పెడితే అలిసిపోయే బ్యాటరీ ఏంటి? తిండి పెడితే నీరసించే మనిషి ఉంటాడా? పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదివే అలవాటు నలభై రెండేళ్లది, ఒక్క పూటలో పోతుందా! తొంభై మూడన్న మాట కూడా ఆయనకి ఎక్కలేదు. డాక్టరమ్మ చెప్పినవాటిలో ఆయనకి నచ్చింది చివరిమాట ఒక్కటే. చల్లగా ఉండాలి. ఔను, సరుకు ఎప్పుడూ కొట్లో చల్లటి మూలనే ఉంచుతాడు కదా.

ఇంట్లో చల్లటి మూల ఎక్కడుంది?

గురువారం పొద్దున అమ్మమ్మ కూరగాయలు తరిగే చెక్క కోసం వంటిల్లంతా వెతికింది. అప్పటికే వారం నుంచి ఆ చెక్క వాచీకి పరుపైపోయింది. అమ్మమ్మ పళ్లెం బోర్లించి దాని మీద ఉల్లిపాయలు తరుగుతోంది.

"నా చెక్క ఏమైందండీ?"

"పనిలో ఉంది."

"పెళ్లైన కొత్తలో కుంకుడుకాయలు కొట్టుకునే రాయి తీసుకెళ్లి కొట్లో బ్యాటరీ కింద పెట్టారు. ఇప్పుడు చెక్క. నన్నెప్పుడు తీసుకెళ్తారు?"

"నువ్వు చెక్కలా చెప్పిన చోట ఉండవే."

అమ్మమ్మ ఉల్లిపాయ తొక్క విసిరింది. తాత తప్పుకుని, ఆమె అటు తిరగగానే ఫ్రిజ్ తలుపు తీసి, అడుగు అరలో టమాటాల పక్కన చెక్కనీ దాని మీద వాచీనీ పెట్టాడు. ఒక్క పావుగంట చల్లబడనిచ్చి కట్టుకుందామనుకున్నాడు. ఇంతలో ఎవరిదో వ్యాను కదలట్లేదని టైర్ల కొట్టు నుంచి కబురొచ్చింది. కారో వ్యానో చచ్చిపడిందంటే తాతకి వాచీ ఏం గుర్తుంటుంది! చెప్పుల్లో కాళ్లు దూర్చి పరుగెత్తాడు.

పదకొండింటికి మంగలి చేతిలో కత్తెర అలాగే పట్టుకుని కొట్లోకి దూసుకొచ్చాడు.

"మేస్త్రీ! నువ్వు బతికే ఉన్నావా?"

"ఉన్నట్టే ఉంది. ఏం?"

"మీ అమ్మాయి ఫోన్ చేసింది. నీ నాడి కొట్టుకోవట్లేదంట. నీ ఫోన్ ఎత్తట్లేదంట. ఆఫీసు నుంచి ఇంటికి పరుగెత్తుతోంది!"

తాత ఎడమ మణికట్టు చూసుకున్నాడు. అక్కడ ఎండ తగలని తెల్లటి గీత తప్ప ఏమీ లేదు. ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. చేతులు కూడా కడుక్కోకుండా ఇంటికి పరుగు.

గుమ్మంలోకి వచ్చేసరికి వంటింట్లో కూతురి గొంతు వినబడుతోంది.

"వంటింట్లోనే ఉన్నాడమ్మా! రెండు గంటల నుంచి కదల్లేదు. ఒక్క అడుగు వెయ్యలేదు. నాడి లేదు."

"వంటింట్లో నేనున్నానే! పొద్దుట్నుంచి నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన పడి ఉంటే కాలికి తగలడా? ఎంత సన్నగా ఉన్నా మనిషే కదా!"

"ఆగు, మోగిస్తాను."

కూతురు ఫోన్‌లో ఏదో నొక్కింది. ఫ్రిజ్ లోపల్నుంచి టింగ్ టింగ్ టింగ్ అని మోత వచ్చింది. ఆడవాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు. అమ్మమ్మ ఫ్రిజ్ వైపు చూస్తూ మెల్లిగా అంది, "ఏమండీ?"

"ఆఁ," అన్నాడు తాత, గుమ్మంలోంచి.

అమ్మమ్మ కెవ్వుమంది. కూతురు ఫ్రిజ్ తలుపు లాగింది. టమాటాల పక్కన, తరిగే చెక్క మీద, పరుపెక్కిన జమీందారులా వాచీ వెలుగుతూ మోగుతోంది.

ఆ తర్వాత కాసేపు జరిగిన సంభాషణ రాయకపోవడమే తాతకి మర్యాద. చివర్లో కూతురు, రాత్రిళ్లు మేకుకి వేలాడే కొట్టు తాళం గుత్తిని తాత జేబులోంచి లాగి సంచిలో వేసుకుంది. ఆమె కాళ్లకి చెప్పుల్లేవు. తాత అది చూశాడు.

"ఆదివారం దాకా అన్నావుగా," అన్నాడు చిన్నగా.

"నువ్వు పడిపోయావనుకుని నాలుగు వీధులు చెప్పుల్లేకుండా పరుగెత్తాను నాన్నా. వచ్చి చూస్తే ఫ్రిజ్‌లోంచి మోగావు. ఇంకేం ఆదివారం?"

"నేను ఫ్రిజ్‌లో పడతానా?"

"నువ్వు ఎక్కడైనా పడతావు!"

అమ్మమ్మ ముక్కు తుడుచుకుంటూ, అంతసేపూ మొగుణ్ణి తిట్టిన మనిషి, కూతురి సంచి వైపు చూసింది. "ఒక్క రోజు ఇవ్వవే. ఇంట్లో ఉంచితే నా ఫ్రిజ్ విప్పుతారు."

ఆ మాటకి కూతురు మెత్తబడింది. రేపొక్క రోజు. వాచీ చేతికే ఉండాలి, ఛార్జర్ ముట్టుకోకూడదు, సాయంత్రం ఆరింటికి బతికుండాలి. లేకపోతే తాత స్వయంగా వెళ్లి తాళం హెల్మెట్లవాడి చేతిలో పెట్టాలి.

శుక్రవారం పొద్దున తాత కొట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఈసారి డాక్టరమ్మ మాట విని ఎనభైకే ఛార్జర్ తీశాడు. ఎనిమిదింటికి ఎనభై. పదయ్యేసరికి అరవై నాలుగు. ఏ పనీ చెయ్యకుండా, రాయిలా కూర్చుంటేనే అంత దిగింది, పనిలో ఉంటే దానికి రెట్టింపు. ఆ లెక్కన సాయంత్రం ఆరింటికి బతకదు. హెల్మెట్లవాడు అటుగా వెళుతూ చెయ్యి ఊపాడు. వాడికి ఎలా తెలుస్తుందో!

"దరిద్రపు బ్యాటరీ!" అని తాత పళ్లు కొరికి, విసుగ్గా తల పైకెత్తాడు.

ఎదురుగా గోడ. గోడ మీద ఎర్ర అక్షరాలు.

తాత ఆ వాక్యాన్ని కూడబలుక్కుని చదివాడు, ఇంకెవరో రాసినట్టు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడు ఇన్నాళ్లూ! బ్యాటరీ బాగానే ఉందని డాక్టరమ్మ మొత్తుకుంది కదా. తొంభై మూడు! ఇదే మాట ఏ కారువాడికైనా ఆయన రోజుకి నాలుగుసార్లు చెబుతాడు. తన చేతికున్నదాన్ని మాత్రం చెక్క మీద పడుకోబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, నోరారా తిట్టాడు.

చొక్కా చేతులు మడిచాడు. దీనికి ఫ్యూజులు లేవు, అయితేనేం, మీటలున్నాయి. ఒక్కొక్కటే ఆర్పి చూడటమే.

ముందు చెయ్యెత్తినప్పుడల్లా వెలిగే తెరని ఆపాడు. పావుగంట చూశాడు. రెండు శాతం దిగింది. ఆ దొంగ కాదు. తర్వాత గంటకోసారి "లేచి నిలబడండి" అని పోరేదాన్ని ఆపాడు. అది ఆపితే ప్రాణానికి హాయిగా ఉంది గానీ, ఇంకో రెండు దిగింది. అదీ కాదు. మూడోది, తాను ఎక్కడున్నాడో చూపించే మీట. దాన్ని ఆపాడు.

నాలుగు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"నాన్నా! ఎక్కడున్నావు?"

"కొట్లోనే తల్లీ. ఒక్క నిమిషం." మీట వేశాడు.

"ఆఁ, కనబడ్డావు. సరే."

తాత కళ్లు చిన్నవయ్యాయి. కాసేపాగి మళ్లీ ఆపాడు. ఈసారి మూడు నిమిషాలు.

"నాన్నా! మళ్లీ పోయావు!"

"ఇక్కడే ఉన్నానమ్మా. గాలికేమో."

మూడోసారి ఆపి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నూట పది దగ్గర మోగింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర టెస్ట్ ల్యాంప్ లేదు కాబోలు. ఈ దొంగైతే పాపం తనంతట తనే ఫోన్ చేసి మరీ దొరికిపోయింది.

మధ్యాహ్నం కొట్టు మూసి, తాత కూతురి ఆఫీసుకి నడిచాడు. పొట్ట దగ్గర చిల్లుల చొక్కాతోనే. గేటు దగ్గర కాపలా ఆయన ఎవరు కావాలని అడిగితే, "లోపలున్న ఒక దీపం ఆర్పాలి," అన్నాడు. కరెంటు పనివాడనుకుని లోపలికి పంపేశాడు.

కూతురు బల్ల దగ్గర లేదు, కాగితాలు తేవడానికి వెళ్లింది. ఆమె కంప్యూటర్ తెర మీద బోలెడు గళ్లు, గళ్లలో అంకెలు. కింద ఒక మూల, అగ్గిపెట్టంత కిటికీ. అందులో వీధుల బొమ్మ, బొమ్మలో ఒక నీలం చుక్క, చుక్క మీద "నాన్న" అని ఉంది. తాత ఒక అడుగు పక్కకి వేశాడు. కాసేపటికి చుక్క కూడా రవ్వంత జరిగింది.

"నాన్నా! ఇక్కడికెందుకొచ్చావు?" కూతురు కాగితాలతో నిలబడిపోయింది. "చుక్క ఇటే వస్తోందని చూశాను, గాలికి అలా చూపిస్తోందేమో అనుకున్నాను."

"ఇది ఎంతసేపు తెరిచి ఉంచుతావు?"

"వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా. ఏం?"

"ఎప్పట్నుంచి?"

"పోయిన నెలలో ఒకరోజు ఆరుసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు చూడు, ఆ రోజు నుంచి. నా ప్రాణం పోయిందనుకో. అప్పుడు తెరిచాను. మళ్లీ మూసే ధైర్యం రాలేదు."

తాతకి ఆ రోజు బాగా గుర్తుంది. ఆ మధ్యాహ్నం ఆయన మంగలితో కలిసి బేకరీలో ఉన్నాడు. షుగర్ ఉంది, తీపి ముట్టద్దని డాక్టరు చెప్పిన మనిషి, నోటినిండా క్రీమ్ బన్ను పెట్టుకుని, ఫోన్ ఎత్తితే గొంతులో క్రీమ్ వినబడుతుందని ఎత్తలేదు.

"ఆ రోజు... పనిలో ఉన్నానమ్మా," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, కారు డిక్కీలో దీపం గురించి చెప్పాడు. కూతురికి అది చిన్నప్పట్నుంచి వెయ్యిసార్లు విన్న కథే. అయినా అడ్డు చెప్పలేదు.

"బ్యాటరీకి ఏ రోగం లేదు తల్లీ. తొంభై మూడుంది. నువ్వు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎక్కడున్నావు, ఎక్కడున్నావు అని అడుగుతూనే ఉన్నావు. అది ఇక్కడే, ఇక్కడే అని చెప్పలేక చస్తోంది. నీ దిగులే డిక్కీలో దీపం."

కూతురు తెర వైపు చూసింది. బాణం గుర్తుని ఆ చిన్న కిటికీ మూల దాకా తీసుకెళ్లి ఆపేసింది. వేలు కదలట్లేదు.

"మూస్తే, నువ్వు పడితే?"

"పడితే అదే చెబుతుందిగా. దానికి ఓపిక మిగిలుంటే కదా చెప్పేది!"

ఆమె టక్కున నొక్కింది. నీలం చుక్క పోయింది. తాత ఎదురుగానే ఉన్నా, ఉన్నాడా లేడా అన్నట్టు ఒకసారి ఆయన భుజం పట్టుకుని చూసింది. రోజుకి మూడుసార్లే చూడాలని ఒప్పందం చేసుకున్నారు. పదింటికి, ఒంటిగంటకి, అయిదింటికి.

ఆ సాయంత్రం ఆరింటికి వాచీలో ఇరవై తొమ్మిది ఉంది. తాళం గుత్తి మేకు మీదకి తిరిగొచ్చింది. చెక్క అమ్మమ్మకి తిరిగొచ్చింది. "కడిగి ఇచ్చారా?" అని అడిగింది ఆమె. కడగలేదు.

ఇప్పుడు తాత ఎనభై దాటనివ్వడు, ఇరవైకి దించడు, ఎండలో పెట్టడు. రోజూ పొద్దున్నే సెట్టింగ్స్ తెరిచి, ఆరోగ్యం ఎంతో చూసి, కొట్టు గోడ మీద సుద్దతో రాస్తాడు. తొంభై మూడు. కింద మళ్లీ తొంభై మూడు. హెల్మెట్లవాడు వచ్చి ఆ అంకెలు చూసి, నిట్టూర్చి పోతాడు.

అంతా బాగానే ఉంది గానీ, తాతకి కొత్త ఇబ్బంది ఒకటి పట్టుకుంది. ఫోన్ మోగట్లేదు. కూతురు మాటంటే మాటే, మూడుసార్లు చూసి ఊరుకుంటోంది. చుక్క కొట్లో కనబడితే ఫోనెందుకు చేస్తుంది? మొదటి మూడు రోజులు హాయిగా ఉంది. నాలుగో రోజు ఫోన్ పాడైందేమోనని మంగలి చేత తనకి చేయించుకున్నాడు. మోగింది. అయిదో రోజు బల్ల మీద ఒక బ్యాటరీని తట్టి, "వాడకుండా మూల పడేస్తే వాడినదానికంటే ముందు పోతుంది ఇది," అని ఎవరూ అడక్కుండానే మంగలికి చెప్పాడు.

ఆరో రోజు ఒంటిగంటకి అయిదు నిమిషాలు ముందు తాత లేచి చేతులు కడుక్కున్నాడు. వాచీ చూసుకుంటూ వీధి చివరికి నడిచి, సరిగ్గా బేకరీ మెట్ల మీద నిలబడ్డాడు. లోపలికి వెళ్లలేదు. ఏమీ కొనలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, అద్దాల వెనక బన్నుల వైపు చూస్తూ నిలబడ్డాడంతే.

ఒంటిగంటా ఒక నిమిషానికి ఫోన్ మోగింది.

"నాన్నా! బేకరీ ముందు ఏం చేస్తున్నావు?"

తాత మొహం చేటంతైంది.

"లోడ్ టెస్ట్ చేస్తున్నానమ్మా," అన్నాడు.